పియానోను ఎక్కడ పెట్టాలి: రష్యన్ విషాద ట్రియోల రికార్డింగ్, ఒక కేస్ స్టడీ

మొదటి రోజు సెషన్ ముగిసేసరికి మా దగ్గర రష్యన్ స్వరకర్త రాఖ్మనినోవ్ ట్రియో (పియానో, వయొలిన్, చెల్లో ముగ్గురు కలిసి వాయించే రచన) 22 టేకులు ఉన్నాయి. ఆ రాత్రి హోటల్ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని అన్నీ విన్నాను. వాయించడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. శ్రుతి బాగుంది, ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నట్టు కలిశారు. అయినా ఆ సంగీతంలో ఉండాల్సిన దిగులు మాత్రం లేదు. ఒక పెద్ద హాలు, అందులో పెద్ద పియానో, దాని చుట్టూ పొగలా వయొలిన్, చెల్లో. అంతే వినిపించింది. తప్పు వాళ్లది కాదు. పియానోనూ కుర్చీలనూ మైకులనూ నేను పెట్టిన చోట్లలో ఉంది. ఆ 22 టేకులూ పనికిరావని తెల్లారి వాళ్లకు చెప్పాల్సి వచ్చింది.

ఆ తప్పు ఎలా జరిగిందో, ఎలా సరిదిద్దామో ఇక్కడ రాస్తున్నాను. ఛాంబర్ సంగీతం, అంటే కొద్దిమంది కలిసి వాయించే సంగీతం, రికార్డు చేసేవాళ్లకే కాదు, ఈ ట్రియోలను ఇష్టంగా వినేవాళ్లకు కూడా ఇందులో ఏదో ఒకటి దొరుకుతుందని నమ్మకం.

నేను జర్మనీలో పనిచేస్తాను. రికార్డింగ్ ఇంజినీర్ పనీ, స్వరలిపి ముందు పెట్టుకుని టేకులను నడిపించే ప్రొడ్యూసర్ పనీ రెండూ తెలిసినవాళ్లను ఇక్కడ టోన్‌మైస్టర్ అంటారు. 1949లో ఎరిక్ టీన్‌హౌస్ డెట్‌మోల్డ్‌లో ఈ చదువు మొదలుపెట్టాడు. ఇక్కడికి రాకముందు కొన్నేళ్లు విజయవాడలో కచేరీలు రికార్డు చేశాను. అక్కడ గాత్రానికి ఒక మైక్, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి రెండు, ఎవరి మైక్ వాళ్ల ముందే. ఎవరు ఎంత వినిపించాలన్నది బోర్డు దగ్గర కూర్చున్నవాళ్ల చేతిలో ఉండేది. ఇక్కడ పద్ధతి వేరు. రెండు మైకులను గాల్లో నిలబెట్టి, వాద్యాలను వాటికి తగ్గట్టు సర్దుతాం. బ్యాలెన్స్ అంతా ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దానిలోనే కుదరాలి. అందరినీ ఒకే గాలిలో కలిపి వినిపించడం అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈసారి ఆ అలవాటే నన్ను పక్కదారి పట్టించింది.

ఇక వాయించిన సంగీతం గురించి. ముగ్గురు రష్యన్ స్వరకర్తల మూడు ట్రియోలు: సెర్గేయ్ రాఖ్మనినోవ్ జి మైనర్ ట్రియో, అంటోన్ అరెన్‌స్కీ డి మైనర్ ట్రియో, దిమిత్రి షోస్టకోవిచ్ ఇ మైనర్ ట్రియో. మొత్తం 72 నిమిషాలు, ఒక సీడీకి సరిపడా. చేతిలో 4 రోజులు.

రష్యాలో పియానో ట్రియో అంటే పోయినవాళ్ల జ్ఞాపకం. ఈ సంప్రదాయం స్వరకర్త చైకోవ్‌స్కీతో మొదలైంది. అది మొదలైన తీరు మా పనికి నేరుగా సంబంధించింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1880లో ఆయన పోషకురాలు నదేజ్దా ఫాన్ మెక్ దగ్గర ఇంట్లోనే ఒక ట్రియో ఉండేది. అందులో పియానో వాయించింది, తర్వాత గొప్ప స్వరకర్త అయినా అప్పటికి ఇంకా పేరు రాని కుర్రాడు క్లోద్ డెబ్యుస్సీ. మాకోసం ఒక ట్రియో రాయమని ఆమె అడిగితే, చైకోవ్‌స్కీ తన వల్ల కాదని జవాబు రాశాడు. పియానో శబ్దం ఒక వయొలిన్‌తోనూ ఒక చెల్లోతోనూ కలవదనీ, ఆ కలయికను తన చెవులు భరించలేవనీ ఆయన చెప్పిన కారణం. తర్వాత 1881 మార్చిలో ఆయన మిత్రుడు, మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయాన్ని స్థాపించిన పియానిస్ట్ నికొలాయ్ రూబిన్‌స్టైన్ పారిస్‌లో చనిపోయాడు. ఆ ఏడాది చివర్లో రోమ్‌లో కూర్చుని, తాను భరించలేనన్న ఆ మూడు వాద్యాలకే చైకోవ్‌స్కీ ఎ మైనర్ ట్రియో, ఓపస్ 50 (ఓపస్ అంటే రచన సంఖ్య) రాశాడు. ఒక మహా కళాకారుడి స్మృతికి అని దాని మీద అంకితం.

ఆ తర్వాత వరస సాగింది. చెల్లో విద్వాంసుడు కార్ల్ దవీదోవ్ జ్ఞాపకంగా 1894లో అరెన్‌స్కీ తన ఓపస్ 32 రాశాడు. తాను సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో చదివిన రోజుల్లో అక్కడ డైరెక్టర్ ఆ దవీదోవే. అరెన్‌స్కీ శిష్యుడు రాఖ్మనినోవ్, చైకోవ్‌స్కీ చనిపోయిన 1893లో ఆయన కోసం డి మైనర్ ట్రియో రాశాడు. షోస్టకోవిచ్ ఓపస్ 67 ఆయన ప్రాణస్నేహితుడు, సంగీత పండితుడు ఇవాన్ సొలెర్తిన్‌స్కీ జ్ఞాపకం. సొలెర్తిన్‌స్కీ 1944 ఫిబ్రవరిలో, యుద్ధం మధ్యలో, నొవొసిబిర్స్క్‌లో 41 ఏళ్లకే పోయాడు. 1943 చివర్లో మొదలైన ఆ ట్రియో 1944 ఆగస్టులో పూర్తయింది.

మేము తీసుకున్న రాఖ్మనినోవ్ ట్రియో మాత్రం ఎవరూ పోకముందు రాసింది. 1892 జనవరి 18 నుంచి 21 వరకు, నాలుగే రోజుల్లో, 18 ఏళ్ల వయసులో. చైకోవ్‌స్కీ అప్పటికి బతికే ఉన్నాడు. అయినా ఒకే భాగంగా సాగే ఆ ట్రియో చివరికి శవయాత్ర నడకలోకి దిగుతుంది. రాఖ్మనినోవ్ బతికుండగా అది అచ్చు కాలేదు, 1947లో వచ్చింది. ఇది నాకు చాలా ఇష్టమైన రచన. అందుకే మొదటి రోజు ఫలితం అంత బాధపెట్టింది.

హాలు ఊరి బయట ఒక ఇటుక గోడల చర్చి. ఖాళీగా ఉన్నప్పుడు చప్పట్లు కొడితే ఆ శబ్దం పూర్తిగా ఆరడానికి సుమారు రెండున్నర సెకన్లు. పియానో స్టైన్‌వే డి, 274 సెంటీమీటర్ల పొడవు. కచేరీలో కూర్చునేట్టే కూర్చోబెట్టాను: వెనక పియానో, దాని ముందు ఎడమవైపు వయొలిన్, కుడివైపు చెల్లో, ముగ్గురికీ మూడు మీటర్ల ముందు అన్ని వైపుల శబ్దాన్నీ అందుకునే రెండు ఒమ్నీ మైకులు. వెనకాల చాలా దూరంలో గది శబ్దం కోసం మరో జత. మూడూ చక్కగా కలుస్తాయని అనుకున్నాను.

పియానో ఎక్కువైంది. పియానిస్ట్‌ను కొంచెం తగ్గించమని అడిగాను. ఆమె తగ్గించారు. అప్పుడు స్వరం బెరుకుగా మారింది. మూతను చిన్న కర్ర మీదికి దించాం. పియానో మీద దుప్పటి కప్పినట్టయింది, కింది నుంచి బాస్ మాత్రం ఎప్పటిలా గదిని నింపుతూనే ఉంది. సరే, వయొలిన్ దగ్గర, చెల్లో దగ్గర ఉన్న స్పాట్ మైకులను పెంచాను. ఇద్దరూ దగ్గరికి వచ్చారు గానీ వాళ్ల చుట్టూ ఉన్న గాలి, పియానో చుట్టూ ఉన్న గాలి వేరువేరుగా వినిపించాయి. మధ్యాహ్నమంతా ఇలాగే గడిచింది. టెన్షన్ ముగ్గురి ముఖాల్లో కనబడుతోంది, పైకి ఎవరూ ఏమీ అనలేదు.

రాత్రి వింటూ ఉండగా చైకోవ్‌స్కీ ఉత్తరం గుర్తొచ్చింది. ఆయన చెప్పింది శబ్దశాస్త్రం ప్రకారం నిజమే. పియానో స్వరం సుత్తి తగిలిన క్షణం నుంచి తగ్గుతూనే ఉంటుంది. దాన్ని పెంచడం ఏ పియానిస్ట్ వల్లా కాదు. విల్లు కింద స్వరం అలా కాదు, పుట్టాక కూడా పెరుగుతుంది, వణుకుతుంది, నిలబడుతుంది. ఒకటి ఆరిపోతుంటే ఇంకొకటి పట్టుకుని ఉంటుంది. మనకు కరుణ రసం అంటే ముఖారి, శుభపంతువరాళి గుర్తొస్తాయి, రాగం ఎత్తుకోగానే మనసు అటు తిరుగుతుంది. ఇక్కడ దిగులుగా వినిపించే మైనర్ స్కేల్ (స్వరాల వరస) ఒక్కటే ఆ పని చేయలేదు. నా లెక్కలో ఈ ట్రియోల దిగులంతా ఆరిపోయే స్వరానికీ నిలబడే స్వరానికీ మధ్య ఉంది. ఆ తేడా చెవికి అందాలి. నేను చేసిందేమిటి? రెండున్నర సెకన్ల గదిని వాటి మీద పోసి, పియానో స్వరం ఆరకుండా గోడల చేత సాగదీయించాను. మూడూ కలిశాయి. కలిసిపోవడమే అక్కడ తప్పు.

తెల్లారి తొమ్మిదింటికి ముగ్గురినీ కూర్చోబెట్టి రెండు టేకులు వినిపించి, కారణం చెప్పాను. వయొలినిస్ట్ ఒకే ప్రశ్న అడిగారు: "ఈ రోజు కూడా ఇలాగే కాదని గ్యారంటీ ఏమిటి?" గ్యారంటీ లేదు, ఒక గంట సమయం ఇవ్వండి, మొదటి 20 బార్లు (స్వరలిపిలో తాళాన్ని విడగొట్టే గళ్లు) వాయించి మీరే విని చెప్పండి అన్నాను. ఒప్పుకున్నారు. అంత మంచి మనసు అందరికీ ఉండదు.

నలుగురం కలిసి పియానోను చక్రాల మీద రెండు మీటర్లు వెనక్కి జరిపాం. మూతను పూర్తిగా ఎత్తాం. వయొలినిస్ట్, చెల్లిస్ట్ ఇద్దరి కుర్చీలనూ వెనక్కి తిప్పి, పియానిస్ట్‌కు ఎదురుగా కూర్చోబెట్టాను. మైకుల జతను వాళ్లకూ పియానోకూ మధ్యలో పెట్టాను. ఒమ్నీ మైక్ ముందూ వెనకా అన్న తేడా లేకుండా వింటుంది కాబట్టి ఒక పక్క తీగ వాద్యాలు, మరో పక్క పియానో, అన్నీ దగ్గర నుంచే అందుతాయి. వయొలిన్ ఎడమ, చెల్లో కుడి అన్నది చెదరదు. ఇప్పుడు పియానో ఎక్కువైతే బోర్డు మీద శబ్దం పెంచే, తగ్గించే ఫేడర్ ముట్టుకోనక్కర్లేదు, మైక్ స్టాండ్‌ను ఒక జానెడు ఇటు జరిపితే చాలు. చివరికి తీగ వాద్యాలకు మీటరు ముప్పావు, పియానోకు మూడు మీటర్లకు కొంచెం తక్కువ దూరంలో కుదిరింది. పియానో వెనక గోడకు మందపాటి కర్టెన్లు వేలాడదీశాం, కింద తివాచీ పరిచాం. దూరంగా ఉన్న గది మైకులను వినీ వినపడనంతగా తగ్గించాను. స్పాట్ మైకులు ఉన్నాయి గానీ కేవలం అంచులు తేలడానికి. శబ్దం ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్కన ప్రతి స్పాట్ మైక్‌ను ఆలస్యం చేసి ముఖ్య మైకులతో కలిపాను. ట్యూనర్ వచ్చి పియానోను మళ్లీ సరిచేశాడు.

రాఖ్మనినోవ్ మొదట్లో వయొలిన్, చెల్లో అలల్లా కదులుతూ ఉంటాయి, వాటి మీద పియానో ఆ నాలుగు స్వరాల దిగులు పలుకు ఎత్తుకుంటుంది. ముందు రోజు ఆ అలలు కేవలం ఒక మసక. ఇప్పుడు విల్లు ఎక్కడ తిరిగిందో తెలుస్తోంది. పియానో స్వరం పడింది, ఆరింది, ఆ ఖాళీలో అలలు మిగిలాయి. పియానిస్ట్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "నేనిక భయపడుతూ వాయించనక్కర్లేదు" అన్నారు. ఆమె గట్టిగా వాయించగలిగినప్పుడే ఆమె మెత్తదనానికి విలువ వచ్చింది. ఇంకో లాభం నేను ముందు ఊహించలేదు. ఎదురెదురుగా కూర్చున్నందుకు ముగ్గురికీ ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తోంది. శవయాత్ర నడకలో విల్లు ఎత్తే క్షణం కోసం లెక్క పెట్టుకోవడం మానేశారు.

చలికాలం కావడంతో హీటర్లతో కొంత ఇబ్బంది పడ్డాం. టేక్ సమయంలో ఆపేస్తే చల్లబడే ఇనుప గొట్టాలు చాలాసేపు టిక్కుటిక్కుమంటాయి. తెల్లవారుజామున వేడి చేసి, పది గంటలకు ఆపేసి, మధ్యాహ్న భోజనంలో మళ్లీ వేసుకున్నాం. అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు.

అరెన్‌స్కీ ట్రియోలో మూడో భాగం ఎలిజియా, అంటే శోకగీతం. మ్యూట్ (శబ్దాన్ని మెత్తబరిచే బిళ్ల) పెట్టుకున్న చెల్లో పాట ఎత్తుకుంటుంది, తర్వాత వయొలిన్ అందుకుంటుంది. చెల్లో విద్వాంసుడి జ్ఞాపకం కాబట్టి మొదటి మాట చెల్లోదే కావడం సహజం. ఇక్కడ మాకు ఎదురైంది శ్రుతి సమస్య. చెల్లో తీగలను ఎ, డి, జి, సి వరసలో చక్కని పంచమాలకు సరిచేస్తే, ఒక్కో పంచమం పియానో పంచమం కన్నా రెండు సెంట్లు (సెంటు అంటే పియానోలో పక్కపక్క స్వరాల మధ్య దూరంలో నూరో వంతు) పెద్దది. మూడు పంచమాలు దిగేసరికి సి తీగ పియానో సి కన్నా దాదాపు 6 సెంట్లు కిందికి పోతుంది. నిశ్శబ్దంగా సాగే చోట ఆ తేడా నలుసులా గుచ్చుతుంది. శ్రుతి అంటే తంబురాలో వినిపించే స్వచ్ఛమైన పంచమమే అనుకునే చెవి నాది. ఆ పంచమాన్ని కావాలని కొంచెం ఇరుకు చేసుకోమని అడగడం నాకు ఇప్పటికీ కష్టమే. కానీ పియానోతో బతకాలంటే అంతే. చెల్లిస్ట్ సి, జి తీగలను పియానోతో విడివిడిగా సరిచూసుకున్నారు. ఎలిజియా నాలుగు పూర్తి టేకులు తీసుకుని, దాదాపు మొత్తం రెండో టేక్ నుంచే వాడాం.

ఈ ట్రియోకు రికార్డింగ్ చరిత్రలో ఒక గొప్ప చోటు ఉంది. రాసిన 1894 లోనే, మాస్కోలో జూలియస్ బ్లాక్ అనే వ్యాపారి ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ముందు దీనిలో కొన్ని భాగాలు వాయింపించి మైనం సిలిండర్ల మీద ఎక్కించాడు. పియానో దగ్గర స్వయంగా అరెన్‌స్కీ. వయొలిన్ యాన్ హ్రీమలీ, చెల్లో అనతోలి బ్రందుకోవ్. చైకోవ్‌స్కీ ట్రియోను రూబిన్‌స్టైన్ తొలి వర్ధంతికి మాస్కో కన్సర్వేటరీలో వాయించినప్పుడు వయొలిన్ పట్టింది ఈ హ్రీమలీనే. 1892లో రాఖ్మనినోవ్ పక్కన కూర్చుని జి మైనర్ ట్రియో మొదటిసారి వాయించింది ఈ బ్రందుకోవే. ఆ సిలిండర్ల గరగర మధ్య వాళ్లను విన్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ముగ్గురికీ వినిపించాను. కొమ్ము లాంటి గొట్టం ముందు వాళ్లు ఎవరు ఎంత దగ్గరగా కూర్చోవాలో బ్లాక్ కూడా తేల్చుకునే ఉంటాడు కదా అని చెల్లిస్ట్ అన్నారు. నిజమే.

షోస్టకోవిచ్ కోసం ఒకటిన్నర రోజు ఉంచుకున్నాం, మంచి పనైంది. ఆ ట్రియో చెల్లో ఒంటరిగా మొదలుపెడుతుంది. మ్యూట్ పెట్టి, వేలితో తీగను నొక్కీ నొక్కకుండా పలికించే హార్మోనిక్స్‌లో, చెల్లో మామూలుగా ఎక్కని ఎత్తున. తర్వాత వయొలిన్ వచ్చి దానికన్నా కింద పలుకుతుంది, పియానో అట్టడుగున చేరుతుంది. పైన ఉండాల్సింది కింద, కింద ఉండాల్సింది పైన. విల్లు వెంట్రుకవాసి తప్పినా ఆ స్వరం పగులుతుంది.

11 టేకులు తీశాం. ఏడో టేక్ నుంచి అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నేను వాడదామన్నది మూడోది. అందులో ఐదో బారులో విల్లు ఒక చోట గీరుకుంటుంది, ఒక స్వరం అందీ అందక వస్తుంది. కానీ ఆ టేక్‌లో తర్వాతి స్వరం ఎక్కడుందో వెతుకుతూ వెళ్తున్న మనిషి ఉన్నాడు. తొమ్మిదో టేక్‌లో దారి తెలిసిన మనిషి ఉన్నాడు. చెల్లిస్ట్ ఒప్పుకోలేదు. "ఇది నా పేరుతో ఎప్పటికీ ఉండిపోతుంది" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, గీరుడు వినిపించేది ఆయన చేతిలోంచే. రెండు వారాల తర్వాత రెండూ ఎడిట్ చేసి, ఏది ఏదో చెప్పకుండా పంపాను. ఆయన మూడో టేక్ ఉన్నదాన్నే ఎంచుకున్నారు. గీరుకున్న ఆ ఒక్క స్వరాన్ని మాత్రం ఐదో టేక్ నుంచి తెచ్చి మార్చమన్నారు, మార్చాను. అందీ అందని స్వరం అలాగే ఉంది.

మూడో భాగం లార్గో, అంటే చాలా నిదానంగా సాగేది. పియానో 8 కార్డ్‌ల వరసను, అంటే ఒకేసారి మోగే స్వరాల 8 గుత్తులను, ఆరు సార్లు వాయిస్తుంది. దాని మీద వయొలిన్, చెల్లో ఏడుస్తాయి. మొత్తం 48 కార్డ్‌లు. పియానోకు వేరే ఏ స్వరమూ లేదు. ఎడిటర్‌కు ఇది పెద్ద ఆకర్షణ: ఒక ఆవృత్తంలో కార్డ్ బాగా రాకపోతే ఇంకో ఆవృత్తం నుంచి తేవచ్చు, రాసింది ఒకటే కదా. ఒకసారి ప్రయత్నించి చూశాను. అతుకు వినపడదు, కానీ ప్రాణం పోయింది. నాలుగో ఆవృత్తానికి పియానిస్ట్ చేతుల్లో బరువు మారుతుంది, కార్డ్ మీద ఆగే కాలం మారుతుంది. ఆ మార్పే ఆ భాగం కథ. లార్గోను ఒకే టేక్ నుంచి ఒక్క అతుకు లేకుండా ఉంచాను. అది ఆగకుండా చివరి భాగమైన ఫైనల్‌లోకి దారి తీస్తుంది కాబట్టి ఫైనల్ మొదటి పేజీ కూడా అదే టేక్‌లోది. అక్కడి పియానో చిటుకులు, వయొలిన్ పిజ్జికాటో (విల్లు లేకుండా వేలితో మీటడం) యూదుల నాట్య గీతపు పలుకుబడిలో ఉంటాయి. షోస్టకోవిచ్ అదే గీతాన్ని 1960లో తన ఎనిమిదో క్వార్టెట్‌లో (నాలుగు తీగ వాద్యాల రచన) మళ్లీ తలుచుకున్నాడు. ఫైనల్ చివర్లో లార్గో కార్డ్‌లు తిరిగొస్తాయి. అవి కూడా లార్గో వాయించిన సాయంత్రమే తీసుకున్నాం, గది వేడి, పియానో శ్రుతి, ఆమె చేతుల అలసట అన్నీ ఒకటిగా ఉండాలని.

వేగం గురించి వాదన జరిగింది. షోస్టకోవిచ్ స్వయంగా వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ ఓయిస్త్రాఖ్, చెల్లో విద్వాంసుడు మిలోష్ సాద్లోలతో ప్రాగ్‌లో చేసిన రికార్డింగ్ ఉంది, చాలా చురుగ్గా నడుస్తుంది. వయొలినిస్ట్ అదే ప్రమాణం అన్నారు. మా గదిలో ఆ వేగానికి స్కెర్ట్‌సో, అంటే చురుగ్గా సాగే రెండో భాగం, చిక్కుపడింది. కొంచెం తగ్గించాం. కర్టెన్లు ఇంకా ఎక్కువ తెచ్చుకుని ఉంటే ఆమె కోరిన వేగమే దక్కేది. ఆ లోటు నా వల్లే.

మాస్టరింగ్‌లో, అంటే సీడీకి సిద్ధం చేసే ఆఖరి దశలో, కంప్రెషన్ (మెత్తటి, గట్టి శబ్దాల మధ్య తేడాను తగ్గించడం) వాడలేదు. షోస్టకోవిచ్ మొదలు ఫోన్‌లో, బస్సులో వినేవాళ్లకు దాదాపు వినపడదు. దాన్ని పెంచితే లోపలి నుంచి వచ్చే ఆ భయం తగ్గుతుంది. పెంచలేదు. మూడు రచనల మధ్య మౌనం చెవితోనే నిర్ణయించాం: రాఖ్మనినోవ్ తర్వాత 9 సెకన్లు, అరెన్‌స్కీ తర్వాత 12. అందులో ఉన్నది డిజిటల్ శూన్యం కాదు, ఆఖరి రాత్రి ముగ్గురూ కదలకుండా కూర్చుని ఇచ్చిన చర్చి నిశ్శబ్దం.

అదే హాల్లో ఇప్పుడు చైకోవ్‌స్కీ ఓపస్ 50 చేయబోతున్నాం. పియానో భాగం ఈ మూడింటికన్నా దట్టం కాబట్టి పియానోను ఇంకో మీటరు వెనక్కి జరిపి మొదలుపెడతాను, కర్టెన్లు రెట్టింపు. రెండో భాగంలో ఎనిమిదో వేరియేషన్ (ఒకే పాటను మార్చి మార్చి వాయించే వాటిలో ఒకటి), అంటే వాద్యాలు ఒకే పలుకును ఒకదాని వెంట ఒకటి అందుకునే ఆ ఫ్యూగ్, ఉంచాలా తీసేయాలా అన్నది తేలలేదు. తీసేయడానికి చైకోవ్‌స్కీయే అనుమతిచ్చాడు. పియానిస్ట్ ఉంచాలంటున్నారు, చెల్లిస్ట్ వద్దంటున్నారు. ముందు పూర్తిగా వాయించి రికార్డు చేసుకుంటాం. ట్యూనర్‌ను అక్టోబరుకు మాట్లాడుకున్నాం.